విదేశీ పీహెచ్‌డీయా, బెంగళూరులో జాయింట్ ప్రాజెక్టా, ఓపెన్ సోర్సా: టోపాలజీతో డేటాని చూపించే పనికి ఏది మేలు?

గేట్ ఫలితాలు వచ్చే రోజుల్లో బెంగళూరులోని మన పిల్లలు నన్ను అడిగేది ఏటా ఒకటే. "అన్నా, లెక్కలంటే ఇష్టం, కోడింగ్ వచ్చు, ఈ టోపాలజీ విజువలైజేషన్ లైన్‌లోకి రావాలంటే బయటికెళ్లి పీహెచ్‌డీ చెయ్యాలా, లేక ఐఐఎస్‌సీ లాంటి చోట ఉంటూ విదేశీ టీములతో కలిసి పని చేస్తే చాలా?" పెద్ద డేటాలో ఆకారాలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో లెక్కలతో పట్టి బొమ్మగా చూపించడమే ఆ లైన్. ఐసోసర్ఫేస్ (డేటాలో ఒకే విలువ ఉన్న చోట్లని కలిపే ఉపరితలం) ఎలా వస్తుందో, పారావ్యూ (డేటాని 3డీ బొమ్మగా చూపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎలా తెరవాలో తెలిసినవాళ్లే అడుగుతున్నారు కాబట్టి ఆ పాఠాలు ఇక్కడ చెప్పను.

ముందు డబ్బు. స్వీడన్‌లో పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, జీతం, సెలవులు అన్నీ ఉంటాయి. జర్మనీలోనూ చాలా చోట్ల అంతే. ఇక్కడ పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. హాస్టల్ దొరికితే పర్లేదు, బయట గది తీసుకుంటే ఈ ఊరి అద్దెల సంగతి మీకు తెలిసిందే. మనుషుల విషయంలోనూ బయటే బలం ఎక్కువ: ఆస్ట్రియాలో ఈ గణితంలో పెద్ద పేరైన ఎడెల్స్‌బ్రన్నర్, పారిస్‌లో టోపాలజీ సాఫ్ట్‌వేర్ రాసే టియెర్నీ బృందం, అమెరికాలోని యూటాలో విజువలైజేషన్‌కి పేరున్న ఎస్‌సీఐ ఇన్‌స్టిట్యూట్. మోర్స్-స్మేల్ కాంప్లెక్స్ (డేటాని శిఖరాలు, లోయల ప్రకారం ప్రాంతాలుగా విడగొట్టే పద్ధతి) మీద డౌటొస్తే పక్క గది తలుపు కొడితే సరిపోయే వాతావరణం అది. ఇందులో వాదించడానికేమీ లేదు.

అయినా నా ఓటు ఇక్కడి జాయింట్ ప్రాజెక్టుకే. ఎందుకంటే ఈ రంగంలో అసలు తేల్చేది డేటా ఎవరిది, ప్రశ్న ఎవరిది, ఆ ప్రశ్న అడిగే మనిషి నీకు ఎంత దగ్గరలో ఉన్నాడు అన్నదే. ఐసోసర్ఫేస్ గీసే పద్ధతి మార్చింగ్ క్యూబ్స్ 1987లోనే వచ్చింది, ఉపరితలం గీయడం ఇప్పుడు ఎవరికీ కష్టం కాదు. ఏ విలువ దగ్గర గీయాలి, గీస్తే వచ్చిన వందల ముక్కల్లో ఏది నిజం, ఏది నాయిస్ అన్నదగ్గరే అందరూ ఆగిపోతారు. టోపాలజీలోని పర్సిస్టెన్స్ అనే కొలత ఒక్కో ముక్కకీ ఆయుర్దాయం (విలువ మారుస్తూ పోతే అది ఎంతదాకా నిలుస్తుందో) లెక్కగట్టి చేతిలో పెడుతుంది గానీ, ఎంత ఆయుర్దాయం ఉన్నవాటిని ఉంచాలో, వేటిని తీసేయాలో చెప్పదు. అది ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు చెప్పాల్సిందే.

మన బంగాళాఖాతాన్నే తీసుకోండి. గోదావరి, కృష్ణ, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చి పోసే నీళ్లు, పైనుంచి కురిసే వాన కలిసి దాని పైపొరలో ఉప్పు తగ్గిపోతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం నుంచి ఉప్పెక్కువ ఉన్న నీరు శ్రీలంక చుట్టూ తిరిగొచ్చి ఆ పైపొర కింద దూరుతుంది. దాన్ని కొలవడానికే 2016లో బాబుల్ అనే ప్రాజెక్టు పేరుతో భారత్, బ్రిటన్ కలిసి సింధు సాధన ఓడ మీద వెళ్లాయి, నీళ్లలో గ్లైడర్లు (మనిషి లేకుండా మునిగి తేలుతూ కొలిచే యంత్రాలు) వదిలాయి. ఆ ఉప్పునీరు లోపల ఏ దారిన, ఎంత దూరం పోతోందో పట్టుకునే పనిని ఐఐఎస్‌సీలో కంప్యూటర్ సైన్సు వాళ్లూ సముద్ర శాస్త్రం వాళ్లూ కలిసి చేశారు, ఆ నీటి ముద్ద ముందంచునీ మధ్యగీతనీ కాలంతో పాటు వెంబడిస్తూ. లవణీయత (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు అన్నది) 35 దగ్గర కోస్తే ఒక ఆకారం వస్తుంది, 34.5 దగ్గర కోస్తే ఇంకొకటి. "ఇది ప్రవాహం కాదు, సుడి" అని చెప్పగలిగిన మనిషి అదే క్యాంపస్‌లో ఉంటే నెల రోజుల ఈమెయిళ్లు ఒక కాఫీలో తేలిపోతాయి.

ఆ అదృష్టం విదేశంలో దొరకదని కాదు, మంచి ల్యాబులో దొరుకుతుంది. దొరక్కపోతే మాత్రం పాత బెంచ్‌మార్క్ డేటానే తోముతూ కూర్చోవాలి. 2003లో అమెరికాని తాకిన ఇసబెల్ తుపాను డేటాని 2004లో ఒక పోటీకి ఇచ్చారు, 500 బై 500 బై 100 గ్రిడ్, 48 టైమ్ స్టెప్పులు. ఆ తర్వాత ఎన్ని పేపర్లలో అదే తుపానో! మన తీరానికేమైనా తుపాన్లు కరువా?

జాయింట్ ప్రాజెక్టుకి దారులున్నాయి. ఫ్రాన్స్‌తో అయితే ఉమ్మడి పరిశోధనలకి డబ్బిచ్చే, 1987 నుంచి నడుస్తున్న సెఫిప్రా ఉంది, పీహెచ్‌డీ వాళ్లు కొన్ని నెలలు అక్కడి ల్యాబులో ఉండి రావడానికి రామన్-షార్పాక్ ఫెలోషిప్ ఉంది. టైమ్ కూడా కలిసొస్తుంది. ఇక్కడ మధ్యాహ్నం రెండైతే వేసవిలో పారిస్‌లో పదిన్నర, ఇద్దరూ మెలకువగానే ఉంటారు. యూటాతో అయితే పగలూ రాత్రీ తారుమారే, ఏదో ఒక పక్క వాళ్లు నిద్ర పాడుచేసుకోవాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. ప్రాజెక్టు సాధారణంగా మూడేళ్లు, పీహెచ్‌డీ అంతలో అవ్వదు. మిగతా కాలానికి ఫెలోషిప్ ఎక్కడినుంచి వస్తుందో చేరే ముందే గైడ్‌ని అడగండి, మొహమాటపడకండి.

ఓపెన్ సోర్సు తలుపు తెరుస్తుంది, లోపలి పని మాత్రం వేరే. టోపాలజీ లెక్కల టూల్‌కిట్ టీటీకే 2017లో వచ్చింది, ఎవరైనా వాడుకుని మార్చుకునే బీఎస్‌డీ లైసెన్సు, పారావ్యూలోనే వాడుకోవచ్చు. ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేలోపు అందులో రెండు మూడు బగ్గులు సరిచేసి ఉంటే ఆ మెయిల్ చదివే అవకాశం పెరుగుతుంది. కానీ అక్కడ నీకు దొరికేది కోడ్ సమస్య, సముద్రం సమస్య కాదు. ఉద్యోగం చేసుకుంటూ చూడాలనుకునేవాళ్లకి మాత్రం ఇదొక్కటే కుదురుతుంది.

సైవిస్ (సైంటిఫిక్ విజువలైజేషన్) పోటీలు, సమ్మర్ స్కూళ్లు వీలైతే చెయ్యండి, నష్టం లేదు. జర్మనీలో జరిగే డాగ్‌ష్టూల్ సెమినార్లు పిలిస్తేనే, కాబట్టి వాటి గురించి ఇప్పుడు టెన్షన్ అక్కర్లేదు.

చెన్నైలో ఉన్నవాళ్లు పళ్లికరణైలోని ఎన్ఐఓటీని (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) మర్చిపోకండి, బంగాళాఖాతంలో బోయాలు (నీటి మీద తేలే కొలత పరికరాలు) వేసి కొలిచేది వాళ్లే. ఇక డేటాతో పని లేదు, సిద్ధాంతమే కావాలి, కొత్త థియరమ్ తేల్చాలి అనుకునేవాళ్లకి నేను చెప్పిందేదీ వర్తించదు. వాళ్లు నేరుగా ఆస్ట్రియాకో పారిస్‌కో అప్లికేషన్ పెట్టుకోవడమే మంచిది.