మాగాయ: మాగిన కాయా, మామిడి కాయా?

ఆవకాయ పేరుకు అర్థం వెతకనక్కరలేదు. ఆవపిండి పట్టించిన కాయ గనుక ఆవకాయ. ఊరిన కాయ ఊరగాయ అయిందనడంలోనూ తగవు లేదు. వాటి పక్క జాడీలో ఉండే మాగాయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు వాదాలకు చోటుంది. మాగిన కాయ గనుక మాగాయ అన్నది ఒకటి. మా అంటే మామిడి, దాని కాయే మాగాయ అన్నది మరొకటి.

మొదటిది చెవికి ఇంపుగా ఉంటుంది. ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టిన ముక్కలను మూడోనాడు పిండి, ఎండలో ఆరబెట్టి, తిరిగి ఆ ఊటలోనే వేయడం చూసినవారికి మాగడం అన్న మాట తట్టడం సహజమే. కానీ మాగడం ముఖ్యంగా పండుకు చెందిన మాట. గడ్డిలో పెట్టిన కాయ మాగి పండవుతుంది. మాగాయకు కావలసింది పుల్లని పచ్చికాయ, కాస్త దోరబారినా పెద్దవాళ్ళు పక్కన పెట్టేస్తారు. పైగా ఊర, కాయ కలిసి ఊరగాయ అయినట్లే మాగ, కాయ కలిస్తే మాగగాయ కావాలి. రెండు గకారాల్లో ఒకటి జారిపోయిందని సర్దిచెప్పవచ్చు. అది అసాధ్యమేమీ కాదు గానీ, సర్దుబాటు సర్దుబాటే.

రెండో వాదానికి ఇంటి సాక్ష్యమూ ఉంది, పొరుగు సాక్ష్యమూ ఉంది. మావి, మావిచిగురు అన్నప్పుడు మనకు వినబడే మా తమిళంలోనూ మామిడే. అక్కడ దాని పచ్చికాయ మాంగాయ్. మరి ఆ అనునాసికం మన మాటలో ఏమైందంటే, దీర్ఘం తర్వాత అది తెలుగులో అరసున్నగా సన్నగిల్లి, చివరకు రాతలోనూ మాయమవడం మామూలే: తమిళంలో తూంగు, పాత తెలుగులో తూఁగు, ఇప్పుడు తూగు. ఆవకాయలో చెక్కుచెదరని కకారం మాగాయలో గకారం కావడానికి కూడా ఈ దారిలో కారణం దొరుకుతుంది: మాంగాయ్‌లో లాగా అనునాసికం పక్కన కకారం గకారంగా పలుకుతుంది. అందుచేత నాకు రెండోదే మేలనిపిస్తుంది.

ఈ లెక్కన ఇంగ్లీషు మ్యాంగో మన మాగాయకు వేలువిడిచిన చుట్టమే. దక్షిణాది మాటే పోర్చుగీసువారి నోట మాంగా అయి, ఇంగ్లీషులోకి చేరింది. నెలల తరబడి సాగే ఓడ ప్రయాణానికి తాజా పండు నిలవదు గనుక ఇంగ్లండుకు మామిడి మొదట్లో ఊరగాయగానే వెళ్ళేది. దాంతో 18వ శతాబ్దపు అక్కడి వంటవారు మసాలా కూరి ఊరబెట్టిన దోసకాయనూ మ్యాంగో అనే పిలిచారు.