రోటరీ ఫౌండేషన్: మన డబ్బు ఎటు పోతుంది, పిన్ను ఎవరికి పెట్టాలి

రోటరీ క్లబ్బుల విరాళాలతో సేవా పనులకి డబ్బిచ్చే రోటరీ ఫౌండేషన్‌కి నేను మొదటి చెక్కు రాసినప్పుడు డాలర్ 45 రూపాయల దగ్గర ఉండేది. ఇప్పుడది 85 దాటింది. విరాళానికి గుర్తుగా పిన్నుతో వచ్చే పాల్ హారిస్ ఫెలో గుర్తింపు మాత్రం 1957లో మొదలైన నాటి నుంచీ వెయ్యి డాలర్ల దగ్గరే ఉంది. ఆ రోజుల్లో డాలర్ 4.76 రూపాయలు కాబట్టి మన లెక్కలో అయిదు వేల లోపే. ఇవాళ గోదావరి జిల్లాల్లో ఎరువుల కొట్టు నడుపుకునే నాలాంటివాడికి ఎనభై అయిదు వేల పైమాటే. అంత పెట్టి ఇవ్వడం అవసరమా, ఆ డబ్బుతో మన ఊళ్లోనే ఏదో ఒకటి చేసుకోవచ్చు కదా అని క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఏళ్ల తరబడి ఇస్తూ, మధ్యలో క్లబ్బు తరఫున ఫౌండేషన్ బాధ్యత కూడా చూసినవాడిగా నా అనుభవం రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. వార్షిక నిధికి మనం ఇచ్చింది వెంటనే ఖర్చయిపోదు. మూడేళ్లు పెట్టుబడిలో ఉంచుతారు. ఆ తర్వాత అందులో 47.5 శాతం మన డిస్ట్రిక్ట్‌కే (ఒక ప్రాంతంలోని రోటరీ క్లబ్బులన్నీ కలిసిన విభాగానికి) తిరిగొస్తుంది, ఇంకో 47.5 శాతం ప్రపంచ నిధికి వెళ్తుంది, మిగతా 5 శాతం నిర్వహణ ఖర్చులకి. డిస్ట్రిక్ట్ చేతికొచ్చిన డబ్బుని గ్లోబల్ గ్రాంట్‌లో, అంటే పెద్ద సేవా పనులకి ఫౌండేషన్ ఇచ్చే గ్రాంట్‌లో పెడితే ప్రపంచ నిధి దానికి మరో 80 శాతం కలుపుతుంది. అంటే మనం ఇచ్చింది మన డిస్ట్రిక్ట్‌కే, పెరిగి వచ్చే దారి ఉంది. కాకపోతే గ్లోబల్ గ్రాంట్ బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి, వేరే దేశపు క్లబ్బు భాగస్వామిగా రావాలి, ఆ ఊరి అవసరం ఏమిటో ముందే సర్వే చేసి చూపించాలి. చిన్న క్లబ్బులకి ఇది పెద్ద పనే. మా వాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ నిబంధనలు మాత్రం ఉండాల్సినవే అంటాను.

ఎందుకంటే గ్రాంట్‌తో ఒక ఆసుపత్రికి డయాలసిస్ మిషన్లు ఇప్పించిన పని దగ్గరుండి చూశాను. ప్రారంభోత్సవానికి అందరూ వచ్చారు. కొన్నాళ్లకి టెక్నీషియన్ మానేశాడు, ఆసుపత్రి వాళ్లు ఇంకొకర్ని పెట్టుకోలేదు, మిషన్ల మీద దుప్పట్లు కప్పి ఉంచారు. ఫౌండేషన్‌కి నివేదిక పంపాలి కాబట్టే మేము మళ్లీ మళ్లీ వెళ్లి నిలదీశాం, కాబట్టే అవి మళ్లీ తిరిగాయి. మన సొంత డబ్బుతో కొనిచ్చి ఉంటే ఆ పట్టు మనకి ఉండేది కాదు. రోగులు వారానికి రెండు మూడు సార్లు పొరుగు పట్నానికి బస్సెక్కుతూనే ఉండేవాళ్లు.

పోలియో సంగతి వేరే చెప్పాలి. 1985లో రోటరీ వారి పోలియో నిర్మూలన కార్యక్రమం పోలియోప్లస్ మొదలైంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది. పోలియోకని ఇచ్చే డాలర్‌కి గేట్స్ ఫౌండేషన్ రెండు డాలర్లు కలుపుతుంది, ఏడాదికి రోటరీ సేకరించే 5 కోట్ల డాలర్ల దాకా. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలో వైరస్ ఇంకా పోలేదు కాబట్టి మన పిల్లలకి చుక్కలు ఆపలేం. నన్నడిగితే ఇచ్చేదాంట్లో కొంత పోలియోకే రాయమంటాను.

ఇక గుర్తింపు. నాకు బాగా నచ్చిందీ, బాగా బాధపెట్టిందీ ఇదే.

మన దగ్గర సన్మానం అంటే శాలువా, దండ, పిన్ను, ఫోటో. మైకులో ఎవరెంత ఇచ్చారో అంకెతో సహా చదువుతారు. పది వేల డాలర్లిచ్చి మేజర్ డోనర్ అయిన పెద్దాయన పేరుకి హాలంతా చప్పట్లు. ఆ పక్కనే ఇరవై అయిదు డాలర్లు ఇచ్చిన స్కూలు మాస్టారు తల వంచుకుని కూర్చోవడం చూశాను. ఆయన మరుసటేడు ఇవ్వలేదు. జూన్ నెలాఖరుకి, రోటరీ సంవత్సరం ముగిసేముందు, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు చేయించి డబ్బు కట్టించడం కూడా నాకు మింగుడు పడదు. మొహమాటానికి ఇచ్చినవాడు మళ్లీ ఇవ్వడు. మా క్లబ్బులో నేను పట్టుబట్టి అంకెలు చదవడం మాన్పించాను. పేర్లు అక్షరక్రమంలో చదువుతాం, ఆ ఏడాది డబ్బు ఏ పనికి వెళ్లిందో ఫోటోలతో చూపిస్తాం. ఆ మాస్టారు మళ్లీ ఇస్తున్నారు.

చాలామంది వాడుకోనిది ఒకటుంది, పాయింట్లు. వార్షిక నిధికో, పోలియోకో, ఆమోదం పొందిన గ్లోబల్ గ్రాంట్‌కో ఇచ్చిన ప్రతి డాలర్‌కి ఒక పాయింటు మన ఖాతాలో పడుతుంది. శాశ్వత నిధికి ఇస్తే పడదు. కనీసం వంద చొప్పున వాటిని ఇంకొకరి పేరుకి బదిలీ చేయొచ్చు. కొత్త సభ్యుడు 500 డాలర్లు కడితే సీనియర్ తన 500 పాయింట్లు కలిపి అతన్ని పాల్ హారిస్ ఫెలో చేయడం చాలా క్లబ్బుల్లో ఉన్నదే. భార్య పేరున, అమ్మ పేరున చేయించేవాళ్లూ ఉన్నారు, సంతోషమే. రోటరీతో సంబంధం లేనివాళ్ల పేరునా చేయొచ్చని మాత్రం ఎక్కువమందికి తట్టదు.

మా పక్క లంక గ్రామాల్లో పనిచేసిన ఒక ఏఎన్ఎమ్మమ్మ ఉన్నారు. పల్స్ పోలియో ఆదివారం నాడు తెల్లారకముందే ఐస్ ప్యాకులు సర్దిన డబ్బా భుజాన వేసుకుని ఏరు దాటే పంటు ఎక్కేవారు. చుక్కలు వేసేముందు సీసా మీది గుర్తు తల్లికి చూపించేవారు: గుండ్రటి మచ్చ మధ్యలో చతురస్రం తెల్లగా ఉంటే మందు బాగున్నట్టు, వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది, చుట్టూ ఉన్న రంగంత నలుపైతే పారేయాలి. బిడ్డ ఎడమచేతి చిటికెన వేలికి సిరా గీత పెట్టి, గోడ మీద సుద్దతో గుర్తు వేసి పక్కింటికి వెళ్లేవారు. నా పాయింట్లు ఆవిడ పేరుకి బదిలీ చేయించాను. పిన్ను పెడుతుంటే, "ఇది నాకెందుకండీ, డబ్బు కట్టింది మీరు కదండీ" అన్నారు. "చుక్కలు వేసింది మీరు కదమ్మా" అన్నాను. నా కోటుకి మళ్లీ మళ్లీ ఇచ్చినవాళ్లకి దక్కే నీలపు రాళ్ల పిన్ను ఉన్నా, నాకు నిజంగా గర్వం అనిపించిన సన్మానం ఆవిడదే.

ఇచ్చేవాళ్లకి కొన్ని మాటలు. రూపాయల్లో రోటరీ ఫౌండేషన్ (ఇండియా)కే కట్టాలి, మీ సొంత ఖాతా నుంచి, పాన్ నంబరూ సభ్యత్వ నంబరూ ఇచ్చి. క్లబ్బు ఖాతాలో వేసి ఒకే చెక్కు పంపిస్తే, పేర్ల జాబితా జత చేయని చోట మీ పేరున పాయింట్లు పడవు. విరాళానికి వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ అని పిలుస్తూ వచ్చింది) పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే, రెండు వేలకి మించి నగదుగా ఇస్తే అదీ రాదు. గ్లోబల్ గ్రాంట్‌కి నేరుగా నగదు కలిపితే 5 శాతం అదనంగా కట్టాలి, ఆ అదనపు 5 శాతానికి పాయింట్లు ఉండవు. ఫౌండేషన్ వాడే డాలర్ రేటు నెలనెలా మారుతుంది కాబట్టి కట్టేముందు ఆ నెల రేటు చూసుకోండి. సర్టిఫికెట్టు మీద పేరు ఎలా ఉండాలో ఇంగ్లీషు అక్షరాల్లో ఫారంలోనే సరిగ్గా రాయండి, తప్పు పడితే సరిచేయించడానికి నెలలు పడుతుంది. పాయింట్లు బదిలీ చేసేవాళ్లు సభకి చాలా ముందే పంపండి, పిన్ను వచ్చాకే తేదీ పెట్టుకోండి. నవంబరు ఫౌండేషన్ నెల, అప్పటికి అందాలంటే ఆగస్టులోనే ఆ పని మొదలుపెట్టడం మంచిది.