ముందు గది చూడండి, తర్వాతే డబ్బు కట్టండి: తిరువనంతపురం డాక్యుమెంటరీ పండగకి వెళ్లొచ్చాం

తిరువనంతపురంలో డాక్యుమెంటరీ పండగకి వెళ్లేవాళ్లు రైల్వే స్టేషన్ ఉండే తంపానూరు దగ్గర లాడ్జి ఫోన్లో బుక్ చేసుకోకండి. ఈ మాట చెబుదామనే రాయడం మొదలుపెట్టాను.

2023 ఆగస్టు 4 నుంచి 9 దాకా అక్కడ 15వ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘు చిత్రోత్సవం జరిగింది. కేరళ చలచిత్ర అకాడమీ 2008లో మొదలుపెట్టిన పండగ ఇది. ఆ ఏడాది జీవిత సాఫల్య పురస్కారం డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ గారికి అని చదివి, ఎలాగైనా వెళ్లాలనుకున్నాను. తోడు మా బావగారు వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. సినిమాల మీద ఆయనకి ఆసక్తి లేదు, పద్మనాభస్వామి దర్శనం కోసం వచ్చారు. గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. స్లీపర్ ఇద్దరికీ 1,200 లోపే. ప్రయాణం హాయిగా గడిచింది.

మూడో తారీఖు రాత్రి ఏడింటికి లాడ్జికి చేరాం. నాలుగు రాత్రులకి, రోజుకి 1,050 చొప్పున బుక్ చేశాను. కౌంటర్లో కుర్రాడు ఫోన్ చూసి, ఆ గదులు అయిపోయాయి, ఏసీ గది ఒక్కటే ఉంది, 1,800 అన్నాడు. మరి బుకింగ్ సంగతేంటంటే జవాబు లేదు. బావగారు అప్పటికే నడుం పట్టుకుని బెంచీ మీద కూలబడ్డారు. "ఎంతో కొంత ఇచ్చెయ్యి, ఇక నిలబడలేను" అన్నారు. రెండు రాత్రులకి 3,600 కట్టాను. తప్పంతా అక్కడే జరిగింది.

ఏసీ రిమోట్ ఇవ్వలేదు. అడిగితే రిపేర్‌లో ఉందన్నారు. కిటికీ తీస్తే మూరెడు దూరంలో పక్క బిల్డింగ్ గోడ. పొద్దున ఏడు దాటితే కుళాయిలో నీళ్లు రావు. బావగారు ఒంటినిండా సబ్బు రాసుకుని తలుపు సందులోంచి నన్ను కేకేశారు. బకెట్ పట్టుకుని కింద సంపు దగ్గరికి పరుగెత్తాను. ఐదో తారీఖు సాయంత్రం ఆరింటికి ఖాళీ చేస్తుంటే, చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకే, పూట అద్దె 900 కట్టమన్నారు. బుక్ చేసినప్పుడు ఇరవై నాలుగు గంటలని స్పష్టంగా ఉంది. అది చూపించినా వినలేదు. రెండు రాత్రులకి మొత్తం 4,500. నేను నాలుగు రాత్రులకి అనుకున్నది 4,200.

బయటికొచ్చి మంజలికుళం రోడ్డులో పది నిమిషాలు నడిస్తే, గాలీ వెలుతురూ ఉన్న గది 900కే దొరికింది. కాబట్టి రైలు దిగండి, నడవండి, గది చూడండి, కుళాయి తిప్పండి, చెకౌట్ ఎన్నింటికో అడగండి. ఆ తర్వాతే పర్సు తీయండి.

పండగ మాత్రం ఒక్క పైసా వృథా కాలేదు. కైరళి, శ్రీ, నిళ అని మూడు థియేటర్లు ఒకే ఆవరణలో ఉన్నాయి. మూడూ ప్రభుత్వానివే, రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పాస్ మనిషికి వెయ్యి లోపే అయింది. క్యూలో మా ముందున్న కుర్రాడు, మాది గుంటూరని తెలియగానే, 2016లో ఆత్మహత్య చేసుకున్న హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల పేరెత్తాడు. సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాని పండగలో వెయ్యాలంటే కేంద్ర సమాచార శాఖ మినహాయింపు ఇవ్వాలి. 2017లో ఇదే పండగలో మూడు సినిమాలకి ఆ మినహాయింపు రాలేదు. వాటిలో ఒకటి రోహిత్ మీద తీసింది. మన ఊరి కుర్రాడి కథ కోసం మలయాళీలు గొడవపడ్డారని నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు. సిగ్గనిపించింది.

పద్మనాభస్వామి గుడికి మగవాళ్లు ముండు (కేరళ పంచె) కట్టుకుని, చొక్కా లేకుండా వెళ్లాలి. దర్శనం బాగా జరిగింది.

ఆ మధ్యాహ్నం బావగారిని బతిమాలి 'క్యా హువా ఇస్ షహర్ కో'కి తీసుకెళ్లాను. 1984లో హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన మతకల్లోలాల మీద దీపా ధన్‌రాజ్ 1986లో తీసిన సినిమా. ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టిన ఆ నెల రోజుల్లోనే గణేశ్ ఊరేగింపు, కొట్లాటలు, కర్ఫ్యూ. కెమెరా ఆమె భర్త నవ్రోజ్ కాంట్రాక్టర్‌ది. ఆయన 2023 జూన్‌లోనే రోడ్డు ప్రమాదంలో పోయారు. రెండు నెలలు తిరగకుండా ఆమె ఈ పురస్కారం అందుకోవాల్సి వచ్చింది.

పదో నిమిషానికి బావగారు నిద్రపోతారనుకున్నాను. తెర మీద కర్ఫ్యూ వీధులు రాగానే నిటారుగా కూర్చున్నారు. చివరిదాకా కదల్లేదు.

తర్వాత బస్టాండ్ పక్కనున్న ఇండియన్ కాఫీ హౌస్‌కి వెళ్లాం. లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఎర్ర గుండ్రటి మేడ. లోపల మెట్లు లేవు, నేలే చుట్లు తిరుగుతూ పైకి పోతుంది, గోడ వెంట బల్లలు. మసాలా దోసెలో బీట్‌రూట్ కూర, విప్పితే ఎర్రగా ఉంటుంది. నాకు భలే నచ్చింది. ఇద్దరికీ కాఫీతో కలిపి 170. బావగారు దోసె ముట్టుకోలేదు.

"అప్పుడు నేను పాతబస్తీ శాలిబండలో అద్దెకుండేవాణ్ణిరా" అన్నారు. "ఉద్యోగంలో కొత్త. కర్ఫ్యూలో మూడు రోజులు గదిలోనే. ఇల్లుగలావిడ ముస్లిం. వాళ్లింట్లోనే పిండి నిండుకుంది. అయినా రోజూ రెండు రొట్టెలు కాగితంలో చుట్టి కిటికీలోంచి అందించేది. కర్ఫ్యూ సడలించగానే పెట్టె సర్దుకుని గుంటూరు బస్సెక్కాను. ఆవిడకి ఒక్క మాట చెప్పలేదు."

మా అక్కకి ఈ సంగతి తెలుసా అని అడిగాను. ఎవరికీ చెప్పలేదన్నారు. ఇంటికెళ్లాక తనే చెబుతానని, నన్ను మాత్రం నోరు విప్పొద్దని అన్నారు. కాఫీ చల్లారిపోతే ఇంకోటి తెప్పించాను. అది తాగారు.