నీళ్లు ఎప్పుడు మార్చాలో తేల్చే నైట్రేట్ టెస్ట్ కిట్: ఏళ్ల తరబడి వాడాక

అక్వేరియంలో నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలని అడిగితే చాలామంది ‘వారానికి పావు వంతు’ అంటారు. కొత్తవాళ్లకు అది మంచి సలహానే. కానీ గుబురుగా మొక్కలుండి నాలుగు చిన్న చేపలు తిరిగే ట్యాంకుకూ, గోల్డ్‌ఫిష్‌తో కిక్కిరిసిన ట్యాంకుకూ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? ఆ తేడా తేల్చుకోవడానికే నేను నైట్రేట్ లిక్విడ్ టెస్ట్ కిట్ వాడుతున్నాను. రెండు చుక్కల సీసాలు, ఒక గాజు గొట్టం, ఒక రంగుల కార్డు, అంతే.

చేపల వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ కొంచెమున్నా విషమే. నైట్రేట్ అంత ప్రమాదం కాదు గానీ పేరుకుంటూ పోతుంది. మొక్కలు తీసుకోగా మిగిలింది పోవాలంటే నీళ్లు మార్చాల్సిందే.

ఒక్కసారి టెస్ట్ చేసి వదిలేస్తే పెద్దగా ఉపయోగం లేదు. నీళ్లు మార్చిన మర్నాడు ఒకసారి, మళ్లీ మార్చే ముందు ఒకసారి చూడాలి. అప్పుడే ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. వారానికి 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) పెరిగే ట్యాంకులో ప్రతివారం 25 శాతం మారుస్తూ పోతే, కొన్నాళ్లకు నైట్రేట్ 40 దగ్గర నిలబడుతుంది. మార్చాక 30కి దిగుతుంది, వారం తిరిగేసరికి మళ్లీ 40. అదే సగం మారిస్తే 20 దాటదు. ఇదంతా కుళాయి నీళ్లలో నైట్రేట్ లేదనుకుంటేనే, కాబట్టి ముందు ఆ నీళ్లనూ ఒకసారి టెస్ట్ చేయాలి. నేను 20 లోపు ఉండేలా చూసుకుంటాను.

ఇబ్బంది పెట్టేది రెండో సీసా. దాని అడుగున మందు గడ్డకట్టినట్టు పేరుకుంటుంది. బల్లకేసి రెండు దెబ్బలు కొట్టి, అర నిమిషమైనా గట్టిగా ఊపకపోతే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. చుక్కలు వేశాక గొట్టాన్ని కూడా ఒక నిమిషం ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. తక్కువలో ఉన్నప్పుడు పసుపు నుంచి నారింజకు మారడం చక్కగా కనిపిస్తుంది. కానీ 40, 80 రెండూ ఎరుపే, ఎంత చూసినా తేడా తెలియదు. అలాంటప్పుడు ట్యాంకు నీళ్లలో అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి టెస్ట్ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకుంటాను. నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్‌లు తేలికే గానీ, ఇంత నిర్ణయానికి వాటిని నమ్మలేను.

నైట్రేట్ ఒక్కటే చూసుకుని ధీమాగా ఉండకూడదు. మొక్కల ట్యాంకులో అది సున్నాకు దగ్గర్లో ఉన్నా, ఆవిరైన మేరకు నీళ్లు పోస్తూ ఉంటే లవణాలు పేరుకుంటాయి. ఫిల్టర్ బ్యాక్టీరియా పనిచేసే కొద్దీ కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్ల మోతాదు) తగ్గి, పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లు ఆమ్లంగా మారతాయి. అందుకే నా మొక్కల ట్యాంకులో కూడా కొంత మారుస్తూనే ఉంటాను, కేహెచ్ చుక్కలతోనూ చూస్తాను. నెలల తరబడి ముట్టుకోని ట్యాంకైతే ఒకేసారి సగం తీసేయొద్దు. కొత్త నీళ్లతో పీహెచ్ ఒక్కసారిగా పెరిగితే అంతవరకు పెద్దగా హాని చేయని అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. కొద్దికొద్దిగా, కొన్ని రోజులపాటు మార్చండి.

కొనేటప్పుడు సీసాల మీద గడువు తేదీ చూసుకోండి. ట్యాంకు లెక్క కుదిరాక నెలకోసారి టెస్ట్ చేసినా చాలు. చేపలు పెరిగినా, మేత పెంచినా, మొక్కలు కత్తిరించినా మళ్లీ చూడాలి.