ఫ్రీమాంట్‌లో హేస్ ఇల్లు: సీడార్ పాయింట్ దారిలో ఒక పూట ఆగొచ్చా?

ఎండాకాలంలో డెట్రాయిట్, కొలంబస్, క్లీవ్‌లాండ్ వైపు ఉండే మనవాళ్లు పిల్లల్ని తీసుకుని ఎలాగూ సాండస్కీలోని సీడార్ పాయింట్ అమ్యూజ్‌మెంట్ పార్క్‌కి వెళ్తారు. రోలర్ కోస్టర్లు పిల్లలకి సరే, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ రోజంతా ఏం చేస్తారు? ఒహాయో టర్న్‌పైక్ (టోల్ హైవే) మీద 91వ ఎగ్జిట్‌లో దిగితే ఫ్రీమాంట్ అని చిన్న ఊరుంది. అమెరికా 19వ అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్ ఇల్లు, మ్యూజియం, సమాధి, మూడూ అక్కడ స్పీగెల్ గ్రోవ్ అనే 25 ఎకరాల తోటలోనే ఉన్నాయి. గేట్లు ఒకప్పుడు వైట్ హౌస్‌కి ఉన్నవి. మా నాన్నగారు లోపలికి వెళ్లకముందే వాటి దగ్గర నిలబడి ఫోటోలు దిగేశారు.

టైమ్ తక్కువుంటే మ్యూజియం వదిలేయండి గానీ ఇల్లు వదలకండి. గైడ్‌తోనే చూడాలి, కాబట్టి ముందు ఆ టూర్ టైమ్ కనుక్కుని మిగతాది దాన్ని బట్టి సర్దుకోండి. గదులు ఓ ముప్పై దాకా ఉన్నాయి, కానీ నాకు నచ్చింది వరండా. ఇంటి మార్పుల గురించి హేస్ 1873లో డైరీలో రాసుకున్నాడు, నాకు ఇల్లు తగిలించిన వరండా కావాలి అని! అన్నట్టే పొడుగ్గా, వెడల్పుగా కట్టించాడు. మా అమ్మ అయితే అక్కణ్ణుంచి లేవనంది.

ఇక మనిషి సంగతి. హార్వర్డ్‌లో లా చదివి 1845లో ప్రాక్టీస్ పెట్టింది ఈ ఊళ్లోనే, అప్పట్లో దీని పేరు లోయర్ సాండస్కీ. ఆ పేరుతో చుట్టుపక్కల ఊళ్లు ఎక్కువై తికమకగా ఉందని జనం పేరు మార్చమంటే, ఆ పిటిషన్ నడిపిన లాయరు కూడా ఈయనే. తర్వాత సిన్సినాటికి మకాం మార్చి, పారిపోయి వచ్చిన బానిసల తరఫున వాదించాడు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యేటప్పటికి నలభైకి దగ్గర పడ్డ సంసారి, అయినా ఉత్తరాది పక్షాన 23వ ఒహాయో రెజిమెంట్‌లో మేజర్‌గా చేరాడు. 1862 సెప్టెంబరులో సౌత్ మౌంటెన్ దగ్గర తూటా తగిలి ఎడమ చెయ్యి ఎముక విరిగింది. ఎక్కడున్నాడో తెలియక భార్య లూసీ ఆస్పత్రుల వెంట తిరిగి తిరిగి చివరికి మేరీలాండ్‌లోని మిడిల్‌టౌన్‌లో పట్టుకుంది. 1864లో కాంగ్రెస్‌కి, అంటే అమెరికా చట్టసభకి, నిలబెడితే యుద్ధం వదిలి ప్రచారానికి రానన్నాడు, అయినా గెలిచాడు. (మన నాయకులకి చెప్తే నమ్మరు.)

అధ్యక్ష పదవి కథ మాత్రం అంత ముచ్చటగా ఉండదు. 1876 ఎన్నికల్లో ప్రజల ఓట్లు ప్రత్యర్థి టిల్డెన్‌కి రెండున్నర లక్షల దాకా ఎక్కువొచ్చాయి, గొడవ కమిషన్ దాకా వెళ్లి 185-184 ఎలక్టోరల్ ఓట్లతో (అధ్యక్షుణ్ణి చివరికి తేల్చేది రాష్ట్రాల తరఫున పడే ఈ ఓట్లే) హేస్ గట్టెక్కాడు. 1877లో, అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో కాపలా ఉన్న చివరి సైనిక దళాల్ని వెనక్కి పిలిచాడు, దాంతో అక్కడి నల్లజాతివాళ్ల ఓటు హక్కుకి రక్షణ లేకుండా పోయింది. మంచి భర్త, ధైర్యమున్న సైనికుడు, ఒప్పుకుంటాను, కానీ ఆ నిర్ణయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మీరు వెళ్తే ఈ విషయం గైడ్‌ని తప్పకుండా అడగండి.

బసకి ఫ్రీమాంట్ కంటే సాండస్కీలో హోటళ్లు ఎక్కువ, కాకపోతే సీడార్ పాయింట్ పుణ్యమా అని వీకెండ్‌లో రేట్లు మండిపోతాయి. మేం టర్న్‌పైక్ దగ్గర ఒక మోటెల్‌లో దిగాం. చవకే గానీ ఏసీ రాత్రంతా గుర్రుమంది, పొద్దున బ్రేక్‌ఫాస్ట్ అంటే చల్లారిన బ్రెడ్డు, కాఫీ, అంతే. శాకాహారులైతే పులిహోర కలుపుకుని వెళ్లండి, తోటలో చెట్ల కింద తినొచ్చు. ఇంతకీ హైన్జ్ కెచప్ పెద్ద ఫ్యాక్టరీ ఉన్నది ఈ ఊళ్లోనే!

హేస్ తర్వాత అధ్యక్షుడైన గార్ఫీల్డ్ ఇల్లు కూడా ఒహాయోలోనే, మెంటర్‌లో ఉంది, నేషనల్ పార్క్ సర్వీస్ నడుపుతుంది. ఆయన 1880లో ఆ ఇంటి వరండాలోంచే ప్రచారం చేశాడు. క్లీవ్‌లాండ్‌లో ఉండేవాళ్లకి అదే దగ్గర. పెద్దవాళ్లని చెట్ల నీడన నింపాదిగా నడిపించాలనుకుంటే మాత్రం నా ఓటు ఫ్రీమాంట్‌కే.