బేస్‌మెంట్ గది సౌండ్‌ప్రూఫింగ్: రాక్‌వూల్ చాలా, సీలింగ్‌ను విడదీయాలా?

బేస్‌మెంట్‌లో హోమ్ థియేటరో, డ్రమ్స్ గదో పెట్టుకోవాలనుకుంటే, సీలింగ్ మూసేలోపే తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

మొదటి దారి సులువు. పై అంతస్తు చెక్క దూలాల మధ్య రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన పీచుతో చేసిన దూది లాంటి మెత్త) నింపి, కింద ఒక వరస జిప్సం బోర్డు కొట్టేయడం. మాటలు, టీవీ చప్పుడు బాగానే తగ్గుతాయి. కానీ పైన ఎవరైనా మడమలు ఆనించి నడిస్తే ధబ్ ధబ్‌మని వినిపిస్తూనే ఉంటుంది. ఆ అదురు చెక్కలోంచే బోర్డులోకి దిగుతుంది, రాక్‌వూల్ దాన్ని ఆపలేదు.

రెండోది సీలింగ్‌ను విడదీయడం, అంటే బోర్డును దూలానికి తగలనివ్వకుండా రబ్బరు క్లిప్పులు, మెటల్ చానెల్ (పొడవాటి లోహపు పట్టీ) మీద వేలాడదీయడం. అదీ రెండు వరసల బోర్డు. బోర్డు బరువు రెట్టింపైతే లెక్క ప్రకారం దాటివచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గాలి, ఆచరణలో కాస్త తక్కువే. ఖర్చు ఎక్కువ, సీలింగ్ ఎత్తూ కొంత పోతుంది. ఇంతా చేశాక ఒక్క పొడవాటి స్క్రూ చానెల్ దాటి దూలంలోకి దిగిందా, అదురుకి దారి దొరికినట్టే. స్క్రూలు బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, మొహమాటం వద్దు.

సంగీతానికైతే నా ఓటు రెండోదానికే, లోపల రాక్‌వూల్ ఎలాగూ ఉండాలి. చదువుకునే గదికి మొదటిది చాలు. ఏది చేసినా తలుపు కింద వేలు దూరేంత సందు వదిలారంటే, పాట మొత్తం అందులోంచే బయటికొస్తుంది.