అప్‌డేట్ కొడితే నెత్తళ్ల తోకలు తెగాయి

జూన్ 14తో చేపల వేట నిషేధం ముగుస్తుంది. 61 రోజులు ఒడ్డున ఉన్న బోట్లు మళ్లీ కదిలేలోపు, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు ఓనరు గారికి చేపల ధరల యాప్ స్క్రీన్లు ఇవ్వాలి. సరిగ్గా ఆ వారమే నా డిజైన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగింది. ఎంవీపీ కాలనీలో కరెంటు పోయి వచ్చిన సందులో, బుద్ధి లేక నొక్కేశాను. ఆ సాఫ్ట్‌వేర్ పేరు రాయట్లేదు, కంపెనీకి ఫిర్యాదు పంపాను కాబట్టి.

ముందు బాగున్నవి. మాటల్ని వేరియబుల్స్‌గా దాచుకోవచ్చు. ఒక్కో మాటకి తెలుగు ఒకటి, ఇంగ్లిష్ ఒకటి ఇచ్చి పెట్టుకుంటే, మోడ్ మార్చగానే 22 స్క్రీన్లూ ఒక్కసారే మారిపోతాయి. ఇదివరకు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో బటన్ జరిపి రెండోదాంట్లో మర్చిపోయేదాన్ని. దీనికోసమే అప్‌డేట్ చేసుకోవచ్చు అనిపించింది. గ్రిడ్ లేఅవుట్ వచ్చాక ధరల పట్టిక పని కూడా తేలికైంది. ఐకాన్ల వరస మార్చారు, రెండ్రోజులు తిట్టుకున్నాను, అలవాటైపోయింది.

గొడవంతా తెలుగు దగ్గరే. లైన్ హైట్ (ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు) 'ఆటో'లో ఉంటే తెలుగు అక్షరం కింద ఒత్తుకి చోటు మిగలడం లేదు. ఎడిట్ చేసేటప్పుడు బాగానే కనిపిస్తుంది, పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేస్తే కింది భాగం తెగిపోతుంది. చేపల పేర్లలో వంజరం, చందువ బతికిపోయాయి, వాటికి ఒత్తుల్లేవు. నెత్తళ్లు దొరికిపోయాయి. వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూసి ఓనరు గారు ఫోన్ చేశారు: "ఏటమ్మా, నెత్తళ్లకి తోకలు కోసేసావు?" ఫాంట్ తేడా ఏమో అని నోటో సాన్స్ తెలుగు తీసి మండలి పెట్టి చూశాను. అదే కోత.

రెండోది ఇంకా చిరాకు. 'ఆన్‌లైన్' అని రాసేటప్పుడు న్ పక్కన ల విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం ఉండాలి. యూనికోడ్‌లో దాని నంబరు 200సి. వేరియబుల్‌లో పేస్ట్ చేస్తే ఈ వెర్షన్ దాన్ని మింగేస్తోంది. ల వెళ్లి న కింద ఒత్తుగా కూర్చుని 'ఆన్లైన్' అవుతోంది. ఇంగ్లిష్‌లో పనిచేసేవాళ్లకి ఇది ఎప్పటికీ కనపడదు. రిలీజ్ నోట్స్‌లో 'నోన్ ఇష్యూస్' అని ఇచ్చినవాటిలో పెద్ద ఫైళ్లు నెమ్మదిస్తాయని ఉంది (నా 8 జీబీ లాప్‌టాప్ ఆ మాట ముందే చెప్పింది), ఒత్తుల ఊసు లేదు.

ప్రస్తుతానికి నేను చేస్తున్నది ఇదీ. లైన్ హైట్ ఆటో తీసేసి, 16 సైజు అక్షరానికి 26 ఇస్తున్నాను. 'ఆన్‌లైన్' లాంటి మాటల్ని వేరియబుల్‌లో పెట్టకుండా నేరుగా స్క్రీన్ మీదే టైప్ చేస్తున్నాను, అంటే పాత చాకిరీలో కొంత తిరిగొచ్చినట్టే. పంపే ముందు ప్రతి బొమ్మనీ ఫోన్‌లో తెరిచి చూసుకుంటున్నాను. మీరు అప్‌డేట్ చేస్తే ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు నా పాత వెర్షన్‌లో తెరుచుకోలేదు.

ఇంగ్లిష్ పనికి అయిదులో నాలుగిస్తాను. తెలుగుకి రెండు, అదీ ఆ మోడ్ మార్పిడి కోసం.

13 సాయంత్రం హార్బర్‌కి వెళ్లి ఓనరు గారికి ఫోన్‌లో చూపించాను. నెత్తళ్లు నిండుగా ఉన్నాయన్నారు. బటన్ రంగు మాత్రం మార్చమన్నారు.